బతికున్న మనిషికి మరణ పత్రం

ఇల్లందు దాటినంక అడవి పక్క తండా

చిరంజీవి భార్గవికి మేనత్త సక్రి దీవించి రాయించునది.

బిడ్డా, నువ్వు ఖమ్మం కోర్టుల వకీలువైనంక నాకు నీతోని పడ్డ మొదటి పని ఇదే. జల్దీగ ఒక మరణ పత్రం కావాలె. ఫోన్ చెయ్యకు. ఇంట్ల ఉన్న ఒక్క ఫోను నా కోడలు సోని చేతుల ఉంటది. ఈ ముచ్చట ఆమె చెవిన పడొద్దు. అందుకే పోస్టాఫీసు అరుగు మీద కూసోని మన పోస్టుమాన్ ధన్‌సింగ్‌తోని రాయిస్తున్న.

ఇట్లు, వేలిముద్ర అత్త

తా.క.: మేడం, నేను ధన్‌సింగ్‌ను. అమ్మ చెప్పింది చెప్పినట్టే రాసిన. నడుమ సోనిగారు ఇటు దిక్కు వస్తే కాగితం మీద కూసున్న. మడతలకు మన్నించుర్రి.

*

ఖమ్మం

అత్తమ్మకు నమస్కారాలతో,

మీ ఉత్తరం అందింది. ఎవరు పోయారు? మీ అబ్బాయి, మా బావ పోయి మూడేళ్లయింది, ఆయన మరణ పత్రం నేను లా చదువుతుండగానే సోనికి తీయించి ఇచ్చాను కదా. ఇది ఎవరిది? సోనికి తెలియకూడదంటే ఆమె పుట్టింటి వాళ్లా? ధైర్యంగా ఉండండి.

మీ మేనకోడలు, భార్గవి

తా.క.: పోయింది ఎవరో తెలియకుండానే మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. పేరు తొందరగా రాయండి.

*

తండా

బిడ్డా భార్గవీ,

ముందుగాల మీ అమ్మను ఏడ్వద్దను. ఎవ్వలు పోలే. పోవాల్సింది నేను. ఇయ్యాలో రేపో కాదు, ఎన్నడో ఒకనాడు. నేను పోయినంక నా రెండెకరాల మిర్చిచేను ఎవ్వరికి చెందాలెనో రాసే కాగితం అడిగిన. దాన్ని మరణ పత్రం అనరా ఏంది? పట్టా నా పేరు మీదనే ఉన్నది. నువ్వు గిట్ల రాయి: సోని నా ఇల్లు ఇడిసి పోతేనే చేను ఆమెది. పోకుంటే గుంటెడు కూడ ముట్టొద్దు. గట్టిగ రాయి.

ఇట్లు, ఇంకా పోని అత్త

తా.క.: మేడం, ఆఖరి మాట కాడ నా పెన్ను ఆగింది. అమ్మ "సిరా అయిపోయిందారా" అన్నది. అవ్ అన్న.

*

ఖమ్మం

అత్తమ్మా,

మీరు అడిగేదాన్ని వీలునామా అంటారు. ఆ సంగతి అలా ఉంచండి. సోనిని వెళ్లగొడతారా? బావ పోయాక మిమ్మల్ని దవాఖానాకు తీసుకుపోయింది ఎవరు? ఎర్రటి ఎండలో మీ చేలో మిరపకాయలు ఏరింది ఎవరు? ఇలాంటి వీలునామా నేను రాయను. ఇంకెవరితోనైనా రాయిస్తే ప్రొబేట్ దాకా లాగుతాను, చూసుకోండి.

భార్గవి, అడ్వకేటు

తా.క.: సోని తరఫున నేనే వాదిస్తాను. ఫీజు కూడా తీసుకోను.

*

తండా

వకీలమ్మకు,

నీ కోపం చూసి ముందు నవ్విన, తర్వాత కండ్లు తుడుసుకున్న. ప్రొబేటా అంటివి. నాకున్నది ఒక్కడే బేటా. వాడు పాయె. ఈ ప్రొబేటా ఎవడు బిడ్డా? ఎక్కడికెళ్లి వచ్చి వాటా అడుగుతడు?

నేను సోనిని ఎల్లగొడుతలేను. పెండ్లి చేసుకొని పోవాలంటున్న. ఇంకా ముప్పై నిండని పిల్ల. ఎవరు అడిగినా "అత్తను ఒక్కదాన్ని ఇడిసి పోను" అంటది. ఇటు మా మరిది లాల్‌సింగేమో "మారుమనువు చేసుకుంటే చేను మాది" అని బెదిరిస్తడు. గట్ల రెండు దిక్కులా తలుపులు మూసిర్రు. ఒక తలుపన్న తీద్దామని నా తండ్లాట. పొద్దుగాల నేను బువ్వ తిన్నదాక ఎదురుంగ కూసుంటది, అప్పుడుగాని తను పెట్టుకోదు. గంత మంచి పిల్ల నా పక్కన ముసల్ది కావొద్దు బిడ్డా.

ఇట్లు, నీ చెడ్డ అత్త

తా.క.: మేడం, ఈసారి సిరా నిజంగనే అయిపోయింది. కింది మూడు లైన్లు పెన్సిలు.

*

ఖమ్మం

మా మంచి అత్తమ్మకు,

నా చెంపలు నేనే వేసుకున్నాను. ప్రొబేట్ మనిషి కాదు. వీలునామా నిజమైనదేనని కోర్టు వేసే ముద్ర. మన దగ్గర తప్పనిసరి కాదు, ఎవరైనా తగాదా పెడితే పనికొస్తుంది.

షరతులు మాత్రం వద్దు. "పోతేనే" అంటే లాల్‌సింగ్ మామ "ఇంకా పోలేదుగా" అని పట్టుకుంటాడు. చేనును నమ్మకస్తుల చేతిలో పెట్టి, సోని కోసం చూసుకోమంటే దాన్ని ట్రస్టు అంటారు. పసిపిల్లలుంటే అదీ మేలే. సోని పెద్దది, నేరుగా ఆమె పేరే రాయండి, పెళ్లి చేసుకున్నా చేసుకోకపోయినా. మీరున్నంత కాలం చేను మీదే. మనసు మారితే వీలునామా మార్చుకోవచ్చు.

ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర వేయండి. చేను పొందేవాళ్లు గానీ, వాళ్ల భార్యో భర్తో గానీ సాక్షులుగా ఉండకపోవడం మంచిది. రాసిన కాగితం ఇందులో పెట్టాను.

మీ భార్గవి

తా.క.: ఒక సాక్షిగా ధన్‌సింగ్ గారినే పెట్టండి. ఆయనకు అన్నీ తెలుసు, లాభం ఏమీ లేదు.

*

తండా

బిడ్డా,

ఈ ఉత్తరం సోని రాస్తున్నది. ఎందుకో చెప్త.

నీ ఉత్తరం చదువుకుంట ధన్‌సింగ్ "భార్యో భర్తో" కాడ ఆగిండు. "అమ్మా, నేను సంతకం పెట్టరాదు" అన్నడు.

"ఏందిరా, లాల్‌సింగ్‌కు భయపడుతున్నవా?"

"కాదమ్మా. పొందేటోళ్ల భర్త వద్దని మేడం రాసింది గద."

"నువ్వు సోనికి భర్తవా?"

"ఇంకా కాలె" అని చెమట తుడుసుకున్నడు.

ఏడాది సంది ఇద్దరికీ ఇష్టమేనట. "అత్తకు తెలిస్తే నన్ను పంపేస్తది" అని సోని వాని తోని ఒట్టు పెట్టించింది. నేనేమో సోనికి చెప్పొద్దని ఒట్టు పెట్టించిన. పాపం, వాడు రెండు ఒట్లు మోసుకుంట బండి మీద తిరుగుతుండు.

ఇంటికి పోయి సోనిని అడిగిన. మస్తు ఏడ్చింది. "నువ్వు మా తోని ఉంటేనే చేసుకుంట, లేకుంటే లేదు" అన్నది. షరతులు పెట్టొద్దని నీ కాగితం చూపించిన. వినలే. ధన్‌సింగ్ "ఇద్దరూ మా ఊరికి రాండ్రి" అంటడు. నా చేను ఇడిసి నేను రాను అన్న. వాడు నెత్తి గోక్కొని, "అట్లయితే నేనే ఇటు వస్త" అని పోయి, పొద్దుమూకె వరకు బట్టల సంచి తోని మా వాకిట్ల నిలవడ్డడు. "పెండ్లయ్యేదాక మీ ఊర్లనే ఉండు" అని తిరిగి పంపిన.

వీలునామల సాక్షులుగ కిరాణా దుకాణం బేగం, ఆశా వర్కర్ నాగలత సంతకాలు పెట్టిర్రు. పెండ్లికి నువ్వు, మీ అమ్మ రావాలె.

ఇట్లు, ఎటూ పోకుండనే అల్లుడు దొరికిన అత్త

తా.క.: వదినా, నేను సోనిని. అత్త బయటికి పోయింది, గందుకే ఈ ముక్క. ఆ కాగితం అక్కరపడేది అత్త పోయినంకనే గద. మీ కోర్టుల వాయిదాలు మస్తు దొరుకుతయంట. అత్తకు కూడ ఒకటి ఇప్పియ్యి వదినా. బాగ దూరం తారీఖు అడుగు.