గింజ రాల్చని పడవ

గరాచర్మ,
6 జనవరి 2009

పరికరాల పంపిణీ ఆఫీసు గుమాస్తా చంద్రమౌళి గారికి ఎరుకమ్మ నమస్కరించి రాయునది.

సునామీ మా దీవి మీద పడి మా పడవ పోయాక మీరు విత్తనాలు వేసే యంత్రం ఇచ్చారు. సంతోషం. ఇప్పుడు చక్రం తిరుగుతోంది, గింజ రాలడం లేదు. తప్పు మా తమ్ముడు నూకన్నది. సముద్రపు అలవాటు కొద్దీ, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా గొలుసుకి వేలు మందాన గ్రీజు పూశాడు. పొలం దుమ్మంతా దానికే అంటుకుని, గొలుసు గింజల పెట్టెను తిప్పడం లేదు. గేర్‌బాక్సు రబ్బరు రింగు కూడా చిరిగింది. పోయిన వానలకి నీరు చేరి నూనె మజ్జిగలా తెల్లబడింది. గొలుసు మేం కడుక్కుంటాం. రింగు ఒక్కటి పంపండి. వరి కోసిన నేలలో తడి ఇంకో పన్నెండు రోజులుంటుంది. ఆలోగా పెసలు పడకపోతే ఈ ఏడు పంట లేదు.

దేవుడు మీకు ఆరోగ్యమివ్వాలి.
ఎరుకమ్మ

తా.క.: నూకన్న ముందు యంత్రానికి దండం పెట్టి, తర్వాత గ్రీజు పూస్తాడు. దండం చాలన్నాను.

*

9 జనవరి

శ్రీమతి ఎరుకమ్మ గారికి,

రికార్డు ప్రకారం మీది మత్స్యకార కుటుంబం. అటువంటి కుటుంబాలకు ఇచ్చినవన్నీ పడవల రిజిస్టరులో ఉన్నాయి. కనుక మీ పడవ ఏ రేవులో ఉన్నదీ, అందులోకి గింజలు ఎందుకు చేరినదీ తెలియజేయగలరు.

ఇట్లు,
చంద్రమౌళి

తా.క.: నీరు చేరిందన్నారు. పడవ మునిగిందా? మునిగితే వేరే ఫారం.

*

11 జనవరి

చంద్రమౌళి గారికి నమస్కారం.

అది పడవ కాదు. రెండు చక్రాలు, గింజల పెట్టె, ఒక గొలుసు. నిన్న నూకన్నను పంపాను. మీ ప్యూన్ అసిరయ్య, "రిజిస్టర్ మే బోట్ హై భయ్యా. నీకు చక్రాలు అగుపిస్తే అది నీ నజర్ తప్పు" అన్నాడట. మావాడు, "నీట్లో ఎడితే ములిగిపోద్ది భయ్యా" అని వచ్చేశాడు. తడి ఇంకో వారమే. రింగు పంపండి.

ఎరుకమ్మ

తా.క.: మీ పేరున దీపం పెట్టాను. వత్తి కాస్త పెద్దదే వేశాను.

*

13 జనవరి

శ్రీమతి ఎరుకమ్మ గారికి,

నీట్లో పెడితే మునుగుతుందని మీ తమ్ముడే ఆఫీసులో ఒప్పుకున్నారు. ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి. 19వ తేదీ ఉదయం పదింటికి పడవను ఫీనిక్స్ బే జెట్టీకి తెచ్చి, ముగ్గురు సభ్యుల కమిటీ ఎదుట నీట దించగలరు. అంతవరకు దానిని కదపరాదు.

ఇట్లు,
చంద్రమౌళి

తా.క.: ఈత వచ్చినవారిని వెంట తెచ్చుకోండి. కమిటీలో ఎవరికీ రాదు.

*

17 జనవరి

చంద్రమౌళి గారికి నమస్కారం.

మీ ఉత్తరం దేవుడి ముందు పెట్టాను. యంత్రం కదపొచ్చా అని ఆయన్నే అడిగాను. వద్దనలేదు కదా అనుకున్నాను. గొలుసు విప్పి ఒక పూట కిరసనాయిల్లో నానబెట్టి, తుడిచి, పల్చటి నూనె బొట్టు బొట్టుగా వేశాం. నూకన్న లంగరు తాడులా బిగించబోయాడు. వేలితో నొక్కితే కాస్త దిగేలా వదులుంచమన్నాను. పడవ పోయినా మాకు మిగిలిన దాని పాత ఇంజనులోని రింగు ఇందులో సరిపోయింది. కొత్త నూనె పోశాం. నిన్న పెసలు పడ్డాయి. కమిటీని పొలానికే పంపండి. బస్సుంది.

ఎరుకమ్మ

తా.క.: అబద్ధమాడలేను. ఆ రింగు మటుకు పడవదే. ఆ మేరకు మీ రిజిస్టరు నిజం.

*

22 జనవరి

శ్రీమతి ఎరుకమ్మ గారికి,

పడవ భాగం ఉన్నట్టు మీరే రాసి ఇచ్చినందున అది పడవేనని కమిటీ తేల్చింది. మీ పొలంలో విత్తకుండా మిగిలిన చెక్కలో సభ్యులు పదకొండు సాళ్లు నడిపి చూశారు. ఎక్కడా మునగలేదు. కనుక అనుమతి ఇవ్వడమైనది. షరతు: ఈ పడవను నేల మీద మాత్రమే నడపవలెను.

ఇట్లు,
చంద్రమౌళి

తా.క.: దీదీ, ఇది సొంత మాట. లంబాలైన్‌లో మా మామగారికీ ఇదే యంత్రం ఇచ్చారు. గొలుసు బిగుసుకుపోయింది. ఎంత వదులుంచాలో ఇంకోసారి రాయండి. ఆఫీసుని అడగలేను, రిజిస్టరులో అది కొబ్బరి మొక్క. ఇంకా ఎందుకు కాయలేదని పోయినవారం ఆయనకి నోటీసు వెళ్లింది. నేనే పంపాను.