రెండు చదువులు, మధ్యలో సిరిసిల్ల

నవాగామ్, సూరత్,
14 అక్టోబర్ 2022

బాపూ,

నీ నవత దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. సిరిసిల్లలో నువ్వు వేళకు తింటున్నావనీ, ఒళ్ళు నెమ్మదిగా ఉందనీ తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న అందింది. గుడ్డ నేసే సాంచెల మోతకు మొద్దుబారిన నీ చెవులకు ఫోన్‌లో నా మాట సగమే చేరుతుంది. అందుకే అన్నీ ఇందులో చెబుతున్నాను. అమ్మ దగ్గు తగ్గింది. లాక్‌డౌన్‌లో మూతపడి నిన్ను ఊరికి పంపిన ఇక్కడి కార్ఖానా మళ్ళీ నడుస్తోంది గానీ నీ చోట ఒక ఒడియా ఆయన పనిచేస్తున్నాడు. నువ్వు అక్కడే ఉండిపోవడం మంచిదైందని అమ్మ అంటుంది. అన్నాక చీరలకు రాళ్ళు అంటించే పనిలో తల వంచేస్తుంది.

రెండు డిగ్రీలు ఒకేసారి చదవనిస్తారా అని అడిగావు. ఎం.ఏ. తెలుగు దూరవిద్యలో నిరుడే చేరాను. ఈ ఏప్రిల్‌లో రెండూ చదువుకోవచ్చని ప్రకటించగానే, నీ కోరిక ప్రకారం ఎం.కాం.లోనూ చేరాను. ఇక్కడి రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లో లెక్కల ఉద్యోగం దొరుకుతుందన్న నీ ఆశ నాకు తెలుసు. కానీ ఒక పాఠంలో ‘పడుగు, పేక’ అని చదివినప్పుడు నీ గొంతు వినపడింది బాపూ. ఇక్కడ అందరూ ఆ నిలువు, అడ్డం దారాలను తానా, బానా అంటారు. ఇంట్లో నువ్వు అనే మాట అచ్చులో ఉందని అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి ఈ చదువు వదలబుద్ధి కావడం లేదు.

“రెండు పడవల మీద కాళ్ళెందుకు బిడ్డా, తెలుగు ఇడ్సిపెట్టు” అని ప్రతి ఉత్తరంలో రాస్తావు. బాపు ఎనిమిది సాంచెలు నడిపాడు, నేను రెండు చదువులు నడపలేనా అని అమ్మతో అన్నాను.

“దారం తెగితే సాంచె ఆగుతది. నువ్వు ఆగుతవా? కండ్లు ఎట్ల గుంజుకపోయినయో జర అద్దంల సూస్కో” అంది.

ఇక దాచిన సంగతి. తెలుగు పరీక్షలన్నీ దీపావళి సెలవుల్లోనే ఉంటాయనుకున్నాను. సూరత్‌లో పుట్టి పెరిగినదాన్ని. దీపావళి తర్వాత ఐదో రోజు, లాభ్ పంచమి దాకా లోకమంతా మూసే ఉంటుందనుకుంటాను. అక్కడ మన తెలంగాణలో పెద్ద సెలవులు దసరాకని, పరీక్షలు అంతకుముందే మొదలవుతాయని తోచలేదు. తెలుగు మొదటి పేపరు, ఇక్కడి ఎం.కాం. పరీక్ష ఒకే రోజు పడ్డాయి. నేను తెలుగుకు వెళ్ళాను. కేంద్రం కరీంనగర్. ఇక్కడ మన పక్కింటి కనకవ్వ పెద్దమ్మ అక్కడున్న తన బిడ్డ దగ్గరికి వెళ్తుంటే ఆమెతో వెళ్ళాను.

పరీక్ష అయ్యాక బస్టాండులో పెద్దమ్మ చెయ్యి చూపింది.

“గదే సిరిసిల్ల బస్సు. ఎక్కు.”

“వద్దు పెద్దమ్మా, రైలు తప్పిపోతది.”

“రైలు రేపు గూడ ఉంటది. బాపు మొఖం జూడకుంటనే పోతవా? గంత చదివి గిదేనా నేర్సింది?”

ఎక్కలేదు బాపూ. ఉత్తరంలో నువ్వు వద్దంటే జవాబు రాయగలను. ఎదురుగా కూర్చోబెట్టుకుని “మానెయ్ బిడ్డా” అంటే మానేసేదాన్ని. అందుకే రాలేదు.

ఇంటికి వచ్చాక, నిన్ను చూసే వచ్చాననుకుని అమ్మ అడిగింది, “బాపు సన్నవడ్డడా?” అని. లేదు, మంచిగనే ఉన్నడు అన్నాను. మొన్న నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తూ, “నిన్ను జూడక రెండేండ్లాయె” అన్న వాక్యం దాటేశాను.

ఇంతవరకూ రాసి, ఇదంతా అమ్మకు చదివాను. చీరకు రాళ్ళు అంటిస్తున్న చెయ్యి ఆపింది.

“అయితే ఆయన సన్నవడ్డడో లేదో నీకూ తెల్వదు, నాకూ తెల్వదు.”

రాళ్ళ డబ్బాకు మూత పెట్టి మళ్ళీ అంది:

“నాకు గూడ టికెట్ తియ్యి. ముందుగాల బాపు కాడికే పోదాం. ఆయన వద్దంటే అననియ్యి. నీకు నోరు లేదా?”

దసరా సెలవులకు ఆగిన మిగతా తెలుగు పేపర్లు దీపావళి సెలవుల్లోనే పడ్డాయి. తప్పిన ఎం.కాం. పరీక్ష లాభ్ పంచమి తర్వాత మళ్ళీ పెడతామన్నారు. రెండూ రాస్తాను. ఈ మాట నీ ముఖం చూస్తూ ఇంకోసారి చెబుతాను. నీకు వినపడేలా గట్టిగానే చెబుతాను.

ఇట్లు,
నీ మాట మొదటిసారి కాదంటున్న
నీ బిడ్డ
నవత