చెప్పుల దగ్గర నేనుంటాను

శారదా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన పిస్కాటవే వంటింట్లో, స్టవ్ పక్కన కేలండర్ నుంచి కత్తిరించి అంటించావే, రంగురంగుల రెక్కల దేవదూత బొమ్మ. అసలుది ఇటలీలో ఒక పాత సన్యాసుల మఠంలో, మెట్లపైన గోడమీద ఉంది. మన అమ్మాయి లతా, నేనూ వెళ్లి నిన్ననే అమెరికా తిరిగొచ్చాం.

అక్కడ మెట్ల దగ్గర అలవాటుగా బూట్లు విప్పేశాను.

“డాడీ, ఇక్కడ ఎవరూ షూస్ తియ్యరు,” అంది లత.

“నువ్వు చూసి రామ్మా. నేనిక్కడుంటాను.”

గుడికెళ్తే ముందు నువ్వు లోపలికెళ్లేదానివి, నేను చెప్పులకు కాపలా. నువ్వొచ్చాకే నా వంతు.

లత కెమెరాలో రోల్ అంతా అవగొట్టి దిగివచ్చింది. “ఇప్పుడు నువ్వెళ్లు.”

“మీ అమ్మని రానీ,” అన్నాను.

లత తనూ షూస్ విప్పి, నా బూట్ల పక్కన పెట్టి, మెట్టుమీద కూర్చుంది.