కెజియా నెత్తిన ముసుగు

అర్దియా, కువైట్
జూన్ 2014

తమ్ముడూ,

నువ్వు ఫోనులో అరిచినట్టు నా మనవరాలు కెజియా ఆ గ్రీసు దీవిలో పెళ్లి చేసుకోలేదురా, పెళ్లికి ఫోటోలు తీసింది. గాలికి ఎగిరిన పెళ్లికూతురి ముసుగు పట్టుకుని, చేతుల్లో కెమెరా ఉందని నెత్తిన వేసుకుంది. పెళ్లికొడుకు పక్కన దాన్ని అలా ఎవరో ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. అది చూసి మన మగపెళ్లివారు చర్చిలో కెజియా పెళ్లి ప్రకటన ఆపమంటే ఎలా?

కువైట్‌లో గాలికేం కరువని ఆ పెళ్లి జనం ఇక్కణ్ణుంచి అంత దూరం వెళ్లారో నాకు బోధపడదు. ఫోటోలో ఆ పెళ్లికొడుక్కి అంత నవ్వెందుకో అసలే బోధపడదు. అడిగితే, "గాలి అమ్మమ్మా" అంటుంది. గాలికి నవ్వొస్తుందట్రా?

అయినా పిల్ల మాట నమ్మాను. నువ్వు ఈ ఉత్తరం మగపెళ్లివారికి చదివి వినిపించు. నవ్వు సంగతి దాటెయ్యి. పెళ్లికి వచ్చేటప్పుడు నరసాపురంలో లేసు ముసుగు కొను, అంచు బాగా బరువున్నది.

అక్క