కాలితో వెనక్కి దొర్లించిన బంతి

మంగళవారం రాత్రి

మోచేయి ఇంకా మండుతోంది. సాయంత్రం సరూర్‌నగర్‌లో పదిహేనుమంది ఆడే రగ్బీ జట్టుకు ఎంపిక జరిగింది. ఆ జట్టులో చోటు కోసం రెండేళ్లు ఆగాను. ఆ ఆటలో కింద పడగానే బంతిని వదిలేయాలి. నేను లేచి నిలబడి, దాన్ని కాలితో వెనక్కి దొర్లించాను. అది పదమూడుమంది ఆడే ఇంకో రకం రగ్బీ పద్ధతి. ఎల్బీనగర్‌లో ఆ పదమూడుమంది జట్టును నడిపే శాంతక్క నెలరోజులుగా నేర్పుతున్నది అదే.

కోచ్ సార్ విజిల్ వేశారు. "ఏందమ్మా, గా పదమూడుమంది దుకాణంల గూడ పనిచేస్తున్నవా?"

అందరూ నవ్వారు. అబద్ధమాడటం చేతకాక తలూపాను.

"గది మానేస్తనని రేపు రాసియ్యి. లేకుంటే జట్టుల నీ పేరుండదు."

ఈ ఊళ్లో రగ్బీ తెలిసినవాళ్లే కొద్దిమంది. వాళ్లలోనూ ఈ రెండు ఆటలవాళ్లకు ఒకరంటే ఒకరికి పడదు.

ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. సంతకం పెట్టబోతుంటే శాంతక్క ఫోన్ చేసింది.

"పొద్దుగాల జర జల్దీ రా చెల్లె. ఇంకో పిల్ల మానేసింది. నువ్వొస్తెనే పదమూడుమందిమైతం."

"ఒస్తక్కా" అన్నాను. ఉత్తరం సంగతి చెప్పలేదు.

అది సంతకం లేకుండానే బల్లమీద ఉంది. మోచేతికి మందు రాసుకునే ఓపిక కూడా లేదు.