స్నానాలగది కిటికీలో పైపు

పరంజా కంపెనీ సూపర్‌వైజరు గారికి,

మా బిల్డింగుకు రంగులు వేయడానికి మీరు కట్టిన పరంజా నుంచి ఒక ఇనుప పైపు మూడో అంతస్తులో మా స్నానాలగది కిటికీలోకి వచ్చి కూర్చుంది. అది మళ్లీ బయటికి పోకుండా లోపల అడ్డంగా ఒక పొట్టి పైపు పెట్టి క్లాంపుతో బిగించి వెళ్లారు. మూడు వారాలుగా కిటికీ మూసుకోవడం లేదు. నేను లోపల స్నానం చేస్తుంటే మీ పెయింటరు బయట పలక మీద నిలబడి పాటలు పాడుతుంటాడు. నేను రిటైరైన లెక్కల టీచర్ని. ఈ వయసులో నాకిదేం ఖర్మ? వెంటనే తగిన ఏర్పాటు చేయగలరు.

ఇట్లు,
మూడో అంతస్తు టీచరు

తా.క. పాట మాత్రం శ్రుతిలోనే ఉంటుంది. ఉన్నమాట చెప్పాలి కదా.

*

గౌరవనీయులైన టీచరు గారికి,

తమ ఫిర్యాదు అందింది. తక్షణం చర్య తీసుకున్నాం. ఇకనుంచి పాడకూడదని పెయింటరును గట్టిగా మందలించాం. అతనూ, గోడలు గీకే పనిచేసే అతని భార్యా తమకు క్షమాపణలు చెప్పమన్నారు. పైపు మాత్రం అక్కడ ఉండాల్సిందే, సహకరించగలరు. సమస్య తీరిపోయిందని భావిస్తూ,

భవదీయుడు,
సూపర్‌వైజరు

తా.క. పరంజా మీద తువాళ్లు ఆరేయవద్దని మనవి. రోడ్డు మీదికి కనిపిస్తున్నాయి.

*

సూపర్‌వైజరు గారికి,

ఎంత పని చేశారండీ. నేను పైపు గురించి రాస్తే మీరు పాట ఆపించారు. పాట ఉన్నన్నాళ్లూ మనిషి ఎక్కడున్నాడో తెలిసేది. రెండో అంతస్తులో వినిపించగానే గబగబా నాలుగు చెంబులు పోసుకుని బయటపడేదాన్ని. ఇప్పుడు పిల్లిలా చప్పుడు చేయకుండా వస్తున్నాడు. నిన్న కిటికీ దగ్గర ఎదురుపడ్డాం. ఇద్దరం సిగ్గుతో చచ్చిపోయాం. పాపం, అంత ఎత్తున పలక మీద నిలబడి అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

అందుకని మీకు శ్రమ లేకుండా నేనే చూసుకున్నాను. మా వారి స్పానరుతో క్లాంపు విప్పాను. పొట్టి పైపు మా మంచం కింద ఉంది, వచ్చి తీసుకెళ్లండి. పొడుగు పైపును బయటికి నెట్టేశాను. కిటికీ ఇప్పుడు చక్కగా మూసుకుంటోంది.

ఇట్లు,
మూడో అంతస్తు టీచరు

తా.క. పొద్దున్నుంచీ పరంజా కాస్త ఊగుతోందని పెయింటరు అన్నాడు. గాలి ఎక్కువగా ఉంది నాయనా, మఫ్లరు కట్టుకో అన్నాను.

*

టీచరు గారూ,

మీ తలుపు కొట్టి కొట్టి చేతులు నొప్పి పుట్టాయి. అందుకే ఈ కాగితం తలుపు సందులోంచి తోస్తున్నాను. మీ ఉత్తరం చదవగానే పరుగెత్తుకొచ్చి అందర్నీ కిందికి దింపాను. ఆ పైపు మీ స్నానం చూడడానికి రాలేదండీ. పరంజా బిల్డింగును వదిలేసి రోడ్డు మీదికి ఒరిగిపోకుండా పట్టి ఉంచేవి అలాంటి పైపులే. మీరు మఫ్లరు కట్టుకోమన్న మనిషి, అతని భార్య, ఇంకో నలుగురు దాని మీదే ఉన్నారు. ఒక్కరు పడినా మనం ఎవరికి ఏం చెప్పుకునేవాళ్లం? పిల్లలకు చదువు చెప్పిన మనిషి చేయాల్సిన పనేనా ఇది?

సూపర్‌వైజరు

తా.క. ఆ స్పానరు కూడా ఇచ్చేయండి.

*

సూపర్‌వైజరు గారికి,

మీరు తలుపు కొడుతున్నంతసేపూ నేను దాని వెనకే ఉన్నాను. గడియ మీద చెయ్యి వేశాను గానీ తీయలేకపోయాను. మొహం చెల్లలేదు. లెక్క తప్పు చేసిన పిల్లల్ని, ప్రశ్న పూర్తిగా చదివావా అని ముప్పై ఏళ్లు సాధించాను. ఆ పైపు అక్కడెందుకుందని నేను ఒక్క నిమిషం ఆలోచించలేదు. కిటికీ మూసుకోవడం కోసం ఆరుగురిని చంపబోయాను. అన్నం సహించడం లేదు. పెయింటరు దంపతులకు నేనే చెప్పుకోవాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

సిగ్గుతో,
టీచరు

తా.క. స్పానరు, పొట్టి పైపు వాచ్‌మన్‌తో పంపుతున్నాను. పైపుకి తుప్పు గీకి కుట్టుమిషను నూనె రాశాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

*

అమ్మా,

మీ స్పానరు తిప్పి పంపుతున్నాను. దాన్ని అడిగే అర్హత నాకు లేదు.

మీ పైపు బిగించాక, మిగతావి కూడా చూద్దామని పైదాకా ఎక్కాను. మిగతావి లేవు. ఒకాయన ఏసీ పెట్టించుకోవడానికి విప్పాడు, ఒకావిడ దోమతెర కోసం విప్పింది, ఇంకొకరు పావురాలు వాలుతున్నాయని విప్పారు. పదిహేను రోజులైందట. అప్పటినుంచీ ఆ గోడకు పరంజాని పట్టి ఉంచింది మీ స్నానాలగది పైపు ఒక్కటే. చివరికి దాన్ని మీరు విప్పారు, నిజమే. కానీ విప్పానని రాసింది కూడా మీరొక్కరే. మీరు రాయకపోతే నాకు తెలిసేది కాదు.

తెలియాల్సింది నాకే. ప్రతి సోమవారం పైదాకా ఎక్కి, ప్రతి పైపునీ క్లాంపునీ చేత్తో పట్టి చూసి, నిచ్చెన దగ్గరి కార్డు మీద సంతకం పెట్టడం నా ఉద్యోగం. నేను కింద నిలబడి పైకి చూసి సంతకం పెట్టేవాణ్ని. మొదట్లో మోకాళ్ల నొప్పి అనుకున్నాను, తర్వాత ఎండ అనుకున్నాను, ఆ తర్వాత సాకు వెతుక్కోవడం కూడా మానేశాను. పైపులన్నీ మళ్లీ బిగించి, ఇదంతా రాసి కంపెనీకి ఇచ్చాను.

అందర్నీ దింపిన రోజు పెయింటరు "రోజూ కార్డు మీద మీ సంతకం చూసే ఎక్కుతున్నాం కద సార్" అన్నాడు, అంతే. అతని మొహంలోకి చూడలేకపోయాను. మిమ్మల్ని అన్ని మాటలన్నందుకు క్షమించండి.

ఇట్లు,
తలెత్తుకోలేని సూపర్‌వైజరు

తా.క. నిన్న సోమవారం. ఎక్కి దిగి వచ్చి చూస్తే కార్డు, కలం పెయింటరు భార్య చేతిలో ఉన్నాయి. "పైన ఏమేం చూశారో చెప్పండి సార్" అంది. ఒక్కో అంతస్తూ చెప్పాను. ఆరో అంతస్తు దాకా విన్నాకే కలం ఇచ్చింది.