వంటింటి సెట్టు విప్పేశారు

శనివారం, రాత్రి

ఈరోజు వంటింటి సెట్టు విప్పేశారు. చిట్యాల గోదాములో మా పిల్లల కామెడీ షోకి తరగతి గది, బస్టాండు, వంటిల్లు పక్కపక్కనే ఉండేవి. మిగతా రెండూ ఉంటాయట. వంటింటి స్కిట్లు మాత్రం ఇక రాయరట. అంటే, అమ్మ వేషం వేసే నాకూ ఇక అక్కడ పని లేదు.

ఆ పొయ్యి ఏనాడూ వెలగలేదు. గిన్నెలో థర్మాకోల్ ముక్కలే మాకు అన్నం. చివరి రోజు కదా అని పొద్దున్నే నా గదిలో తపాలచెక్కలు చేసి పట్టుకెళ్లాను. షాటయ్యాక, నా కూతురిగా వేసే శ్రీజ ఆ పొయ్యి గట్టు మీదే కూర్చుని తింది.

"అమ్మా, ఇంకోటి పెట్టవా?" అంది.

సరిగ్గా అప్పుడే పిల్లను తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వచ్చింది. శ్రీజ నాలుక కరుచుకుంది. నేను తల ఎత్తలేకపోయాను. ఆమె మాత్రం నవ్వేసింది.

"ఇంట్ల గింత గూడ తినదక్కా. నువ్వు చేసిందైతే మంచిగ తింటాంది. ఆదివారం గిట్ల మా ఇంటికి రారాదు?"

"వస్త," అన్నాను.

ఇంతలో వడ్రంగులు గోడ విప్పడానికి వచ్చి, "మేడమ్, జర జరుగుండ్రి," అన్నారు. పక్కకు తప్పుకునేసరికి తల్లీకూతుళ్లు వెళ్లిపోయారు.

రేపే ఆదివారం. వాళ్ల ఇల్లెక్కడో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. మేనేజరుకు ఫోన్ చేస్తే నంబరిస్తాడు. కానీ అది ఊరికే అన్న మాటైతే...